ఒంటరిగా, ఒక్కరోజులో: నర్సీపట్నం – లంబసింగి – చింతపల్లి – పాడేరు – మాడుగుల చుట్టు. ప్లాన్ చూసి లోపాలు చెప్పండి

సాగరతీరం_150 (చర్చ మొదలుపెట్టినవారు)

డిసెంబరు రెండో వారం, మంగళవారం గానీ బుధవారం గానీ. బండి పల్సర్ 150: ట్యూబ్‌లెస్ టైర్లు, ముందు డిస్కు, వెనక డ్రమ్ము. ఒక్కడినే, వెనక మనిషి ఉండడు.

అనుకున్న దారి: వైజాగ్‌లో రాత్రి 3కి బయల్దేరి అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా సూర్యోదయానికి లంబసింగి. తర్వాత చింతపల్లి, సప్పర్ల ఘాట్ మీదుగా సీలేరు. మళ్లీ చింతపల్లి, జి.మాడుగుల, పాడేరు. అక్కడి నుంచి మాడుగుల ఘాట్ దిగి వడ్డాది, చోడవరం, సబ్బవరం మీదుగా ఇంటికి.

అడగాల్సినవి: పెట్రోలు ఎక్కడ నింపాలి, టూల్స్ ఏమేం పట్టుకెళ్లాలి, చలికి ఏం వేసుకోవాలి. ఇంకేమైనా వదిలేస్తే చెప్పండి.

ఘాట్_దిగువ

ముందు సీలేరు తీసెయ్యండి. మిగతాది అంతా తర్వాత.

సీలేరు లేకుండానే ఈ చుట్టు సుమారు 300 కిలోమీటర్లు. చింతపల్లి నుంచి సీలేరు పోను రాను కలిపితే ఇంకో వంద దాటుతుంది, అదీ పూర్తిగా అడవి దారి. ఏజెన్సీలో సగటు వేగం గంటకు 25 నుంచి 30 మించి లెక్కెయ్యకూడదు. ఫొటోలకీ టీకీ ఆగకపోయినా ఆ వంద కిలోమీటర్లకే నాలుగు గంటలు. సీలేరు, డొంకరాయి చూడాలంటే చింతపల్లిలో రాత్రి పడుకుని వేరే రోజు పెట్టుకోవాలి.

రెండోది, ఈ ప్లానులో దూరం లెక్క ఉంది, పొద్దు లెక్క లేదు. డిసెంబరులో మన వైపు సాయంత్రం ఐదున్నర లోపే సూర్యుడు దిగిపోతాడు. కొండ నీడలో ఇంకో అరగంట ముందే చీకటి. ఒంటరి బండికి అసలు పరీక్ష పొద్దున ఘాట్ ఎక్కడంలో లేదు, సాయంత్రం ఘాట్ దిగడంలో ఉంది. అందుకే వెనక నుంచి లెక్కెయ్యాలి:

సాయంత్రం 4:15 – చోడవరం
3:30 – మాడుగుల ఘాట్ కింద
మధ్యాహ్నం 1:45 – పాడేరు వదలాలి
10:15 – చింతపల్లి వదలాలి
8:15 – లంబసింగి
7:00 – నర్సీపట్నం
4:45 – వైజాగ్

దీంతో పాటు రెండు గడువులు కాగితం మీద రాసుకోండి. చింతపల్లి వదిలేసరికి 12 దాటితే పాడేరు వైపు పోవద్దు, వచ్చిన దారినే నర్సీపట్నం దిగిపోండి. పాడేరు వదిలేసరికి 3:30 దాటితే ఘాట్ దిగొద్దు, పాడేరులోనే గది తీసుకోండి. పాడేరు ఇప్పుడు జిల్లా కేంద్రం (2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పటి నుంచి), లాడ్జీలకి కొదవ లేదు.

మంచుతెర

ఘాట్_దిగువ గారి టైములు బాగున్నాయి గానీ లంబసింగికి 8:15కి వెళ్తే ఏం చూస్తారండి? జనం అక్కడికి వెళ్లేదే మంచు కోసం. సూర్యోదయం 6:20 ప్రాంతంలో. నా ఓటు 3 గంటలకే.

ఘాట్_దిగువ

మంచు సూర్యుడు రాగానే విడిపోదు. చలి గట్టిగా ఉన్న రోజుల్లో 8, 9 దాకా ఉంటుంది. అయినా చూడ్డం సంగతి పక్కన పెట్టండి. 3కి బయల్దేరితే నర్సీపట్నం దాటాక ఘాట్ మొత్తం చీకట్లో, పైగా మంచులో ఎక్కాలి. పల్సర్ హెడ్‌లైటు హై బీమ్ వేస్తే వెలుగంతా మంచు మీద పడి కళ్లలోకే వస్తుంది. లో బీమ్‌లో పది పదిహేను మీటర్లు కనిపిస్తే గొప్ప. అంత దూరంలో ఆగాలంటే గంటకు 20 దాటకూడదు. ఎదురుగా పశువు ఉన్నా, లారీ టైరు కింద పెట్టి వదిలేసిన రాయి ఉన్నా దగ్గరికొచ్చేదాకా తెలీదు.

చీకటి తప్పనిసరైతే అది హైవే మీద ఉండాలి, ఘాట్‌లో కాదు. 4:45కి బయల్దేరమన్నది అందుకే.

మంచుతెర

సరే, హై బీమ్ మాట ఒప్పుకుంటాను. మధ్యేమార్గం ఒకటి చెప్తా. మంచే కావాలంటే ముందురోజు సాయంత్రమే నర్సీపట్నం చేరి పడుకోండి, 5:45కి ఎక్కడం మొదలుపెట్టండి. శని ఆదివారాలు మాత్రం వద్దు. డిసెంబరు, జనవరి వారాంతాల్లో కార్లు రోడ్డుకి రెండు పక్కలా నిలిపి లంబసింగి జంక్షన్ దగ్గర, చెరువులవేనం దారిలో బైకు కూడా కదలదు.

చోడవరం_చైన్‌లాక్

పెట్రోలు సంగతి నేను చెప్తా. ఈ చుట్టులో భయపడాల్సింది పెట్రోలుకి కాదు.

నర్సీపట్నంలో ట్యాంకు నిండా కొట్టించండి. అక్కడి నుంచి లంబసింగి 32, చింతపల్లికి ఇంకో 20, పాడేరుకి ఇంకో 45, చోడవరానికి ఇంకో 60. అటూ ఇటూగా 160 కిలోమీటర్లు. మీ బండి మామూలుగా 45 ఇస్తే ఘాట్‌లో ఐదో వంతు తీసేసి 36 అనుకోండి. నాలుగున్నర లీటర్లు చాలు. పల్సర్ ట్యాంకు 15 లీటర్లు. చింతపల్లిలో, పాడేరులో బంకులున్నాయి గానీ స్టాకు లేకపోవచ్చు, కరెంటు లేకపోవచ్చు, సిగ్నల్ లేక ఫోన్‌పే పనిచెయ్యకపోవచ్చు. వంద, రెండొందల నోట్లుగా కనీసం రెండు వేలు జేబులో ఉంచండి. బంకుకే కాదు, పంక్చర్ షాపుకీ బండి ఎక్కించుకునే ఆటోకీ కూడా.

కూల్‌డ్రింక్ సీసాలో స్పేర్ పెట్రోలు మాత్రం వద్దు. బ్యాగులో ఎండకి ఆవిరి పట్టి మూత దగ్గర కారుతుంది, సైలెన్సర్ పక్కనే బ్యాగు. పై లెక్క ప్రకారం దాని అవసరమే లేదు.

గాలి_గేజి

టైర్లు. మీ పల్సర్‌కి కంపెనీ లెక్క ఒక్క మనిషికి ముందు 25, వెనక 28 పీఎస్ఐ. వైజాగ్‌లో టైరు చల్లగా ఉన్నప్పుడు పెట్టుకుని ఇక ముట్టుకోకండి. "ఎత్తుకి వెళ్తే గాలి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది" అని రెండు మాటలూ వింటుంటాం. రెండూ నిజమే, ఇక్కడ ఒకదానికొకటి చెల్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే బయటి ఒత్తిడి తగ్గి గేజి ఒకటిన్నర పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. 10 డిగ్రీలు చల్లబడితే దాదాపు అంతే తగ్గుతుంది. లంబసింగి ఎత్తు వెయ్యి మీటర్ల దరిదాపుల్లోనే కదా.

గుండు టైరుతో వెళ్లొద్దు. వెనక టైరు మధ్య గాడి లోతు 2 మిల్లీమీటర్ల కన్నా తక్కువైతే ముందే మార్చండి. 516ఇ జాతీయ రహదారి విస్తరణ పని నడుస్తున్న చోట్ల కంకర తేలి ఉంటుంది, అరిగిన టైరులోకి ముల్లు కన్నా కంకర మొన తొందరగా దిగుతుంది.

ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్‌లో ఉండాల్సినవి: రంధ్రం రాసే రీమర్, సూది, 5 స్ట్రిప్‌లు, సీల్ తీయని చిన్న సొల్యూషన్ ట్యూబ్ (ఒకసారి తెరిచింది నెలల్లో ఎండిపోతుంది), కటింగ్ ప్లేయర్, బ్లేడు, గాలి పంపు. పని వరుస:

మేకు కనిపించగానే లాగెయ్యకండి. బండిని చదునైన చోట నిలిపి స్ట్రిప్ సూదిలో సగానికి ఎక్కించి, సొల్యూషన్ రాసి సిద్ధం చేసుకున్నాకే లాగండి. మేకు ఏ కోణంలో దిగిందో చూడండి, రీమర్ అదే కోణంలో పోవాలి. నిటారుగా పొడిస్తే లోపల రెండో దారి పడి కారుతూనే ఉంటుంది. రీమర్‌ని తిప్పుతూ పది పన్నెండు సార్లు లోపలికి బయటికి ఆడించండి. స్ట్రిప్ కొసలు బయట ఓ సెంటీమీటరు మిగిలేదాకా గుచ్చి, సూదిని ఒక్క ఊపుతో లాగండి. మెల్లగా లాగితే స్ట్రిప్ కూడా వెంట వచ్చేస్తుంది. బయట మిగిలింది 3 మిల్లీమీటర్లు ఉంచి కోసి, గాలి కొట్టి, నీళ్లు పోసి బుడగలు చూడండి.

టైరు పక్క గోడ తెగితే స్ట్రిప్ పనిచెయ్యదు, దానితో 10 కిలోమీటర్లు కూడా పోవద్దు. లారీ ఎక్కించడమే.

సాగరతీరం_150

గాలికి బ్యాటరీతో నడిచే చిన్న ఇన్‌ఫ్లేటర్ ఉంది. సరిపోతుందా? ఫోనులా చార్జింగ్ పెట్టేది.

గాలి_గేజి

సరిపోతుంది, ముందురోజు నిండా చార్జ్ చేసి ఒక టైరుకి పూర్తిగా కొట్టి చూసుకుంటే. చలికి దాని బ్యాటరీ కూడా నీరసిస్తుంది. అందుకే చేతి పంపు కూడా పెట్టుకోండి, బరువు పావు కిలో. బండి బ్యాటరీకి తగిలించే రకమైతే నేరుగా టెర్మినల్స్‌కే క్లిప్పులు పెట్టాలి. ఫోను చార్జర్ సాకెట్‌కి పెడితే ఫ్యూజు పోతుంది.

ట్యూబ్ టైర్లున్న హిమాలయన్, ఎక్స్‌పల్స్ వాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి: మీకు కావాల్సింది స్పేర్ ట్యూబ్, 8 అంగుళాల టైరు లీవర్లు రెండు, వెనక యాక్సిల్ నట్‌కి సరిపడే స్పానర్. కంపెనీ కిట్‌లో ఆ స్పానర్ ఉందో లేదో ఇంట్లోనే నట్‌కి పెట్టి చూడండి. ఒకే ట్యూబ్ పెట్టే చోటుంటే ముందు చక్రానిది, అంటే 21 అంగుళాలది పెట్టుకోండి. అది వెనక చక్రంలో మడత పెట్టి తాత్కాలికంగా నడిపించొచ్చు, వెనకది ముందుకి పట్టదు. సెంటర్ స్టాండు లేకపోతే సైడ్ స్టాండు మీద బండి వాల్చి, అవతలి పక్క స్వింగ్‌ఆర్మ్ కింద రాయి పెడితే వెనక చక్రం లేస్తుంది. కొత్త ట్యూబ్ వేసేముందు టైరు లోపల గుడ్డ చుట్టిన వేలితో చుట్టూ తడమండి. ముల్లు అక్కడే ఉంటే కొత్త ట్యూబ్ కూడా పోతుంది.

మెకానిక్_మాట

టూల్స్ జాబితాలు పొడుగ్గా రాస్తారు, అందులో సగం వాడటం రాదు. వాడటం వచ్చినవే పెట్టుకోండి.

150 సీసీ బండికి: 10, 12, 14 స్పానర్లు, 4, 5, 6 అలెన్ కీలు, ప్లగ్ స్పానర్, స్పేర్ ప్లగ్, ఫ్యూజులు రెండు, హెడ్‌లైటు బల్బు, చైన్ లాక్ (చైన్ తెగితే కలిపే లింకు) ఒకటి, జిప్ టైలు పది, రెండు మీటర్ల ఇన్సులేషన్ టేపు, మెత్తటి బైండింగ్ వైరు. లివర్లు రెండూ (క్లచ్, ముందు బ్రేకు). బండి పక్కకి ఒరిగితే మొదట విరిగేవి అవే. హ్యాండిల్‌కి లివర్ బిగించే క్లాంపుని గట్టిగా పట్టేలా కాకుండా, చేత్తో బలంగా తోస్తే తిరిగేంత బిగువులో ఉంచండి. పడ్డప్పుడు విరగడానికి బదులు తిరుగుతుంది.

క్లచ్ కేబుల్: తెగేది దాదాపు ఎప్పుడూ లివర్ దగ్గరి గుండు మొదట్లోనే. బయల్దేరే ముందు లివర్ దగ్గర రబ్బరు తొడుగు జరిపి చూడండి, ఒక్క పోగు లేచినా మార్చేయండి. కొత్త కేబుల్‌ని పాతదాని పక్కనే హ్యాండిల్ నుంచి ఇంజన్ దాకా వేసి జిప్ టైలతో కట్టి ఉంచితే, తెగినప్పుడు రెండు కొసలు తగిలించడమే పని. ట్యాంకు విప్పక్కర్లేదు.

చైన్ లాక్ క్లిప్పు వేసేటప్పుడు మూసుకున్న కొస చైన్ పోయే దిక్కుకి ఉండాలి. తిరగేసి వేస్తే రాళ్లకి తగిలి ఊడుతుంది.

బ్రేకు ఆయిల్ రెండేళ్లు దాటితే మార్పించండి. డాట్ 4 ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టిందంటే ఆ హద్దు 155కి పడిపోతుంది. మాడుగుల ఘాట్‌లో ఆ తేడా తెలుస్తుంది.

ఘాట్_దిగువ

మంచి మాట ఎత్తారు. దిగడం గురించి కొంచెం గట్టిగానే చెప్తా, ఎందుకంటే మన వైపు న్యూట్రల్‌లో దించే జబ్బు ఉంది.

"పెట్రోలు మిగులుతుంది" అంటారు. ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) బండి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజన్‌కి పెట్రోలు పోవడమే ఆగుతుంది. న్యూట్రల్‌లో మాత్రం ఇంజన్ ఆగకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. పాత కార్బురేటర్ బండిలో మిగిలేదీ చిల్లరే. దానికోసం బండి బరువంతా రెండు బ్రేకుల మీద పెడతారు.

సూత్రం పాతదే: ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలి. హెయిర్‌పిన్‌కి రెండు, మిగతా చోట్ల మూడు. మలుపుకి ముందే వేగం తగ్గించి, మలుపులో బ్రేకు మీద వేళ్లు ఉంచినా నొక్కకుండా ఉండాలి. బ్రేకు పట్టి ఉంచకండి. నొక్కి వదలండి. ముందు లివర్ హ్యాండిల్ దాకా మెత్తగా వస్తుంటే ఆయిల్ మరుగుతోందని అర్థం. కాలిన వాసన వచ్చి లివర్ గట్టిగానే ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు మాడాయి. రెంటికీ మందు ఒకటే, వెడల్పు చోటు చూసి ఆపి పావుగంట, ఇరవై నిమిషాలు చల్లారనివ్వాలి. డిస్కు మీద నీళ్లు పొయ్యొద్దు, వంకర తిరుగుతుంది.

హెయిర్‌పిన్‌లో ఆర్టీసీ బస్సుకి రోడ్డంతా కావాలి. హారన్ వినబడగానే మలుపు బయటే ఎడమకి ఆగిపోండి. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలన్నది నిబంధన కూడా. కాబట్టి పాడేరు నుంచి దిగేటప్పుడు ఆగాల్సింది మీరే.

కాపీతోట_నీడ

రోడ్డు మీద ఏముంటుందో ఎవరూ చెప్పలేదు.

కాఫీ తోటలకి నీడ కోసం వేసిన సిల్వర్ ఓక్ చెట్ల కింద రోడ్డు పొద్దున పది దాకా తడి ఆరదు. మలుపు లోపలి అంచున నాచు కూడా ఉంటుంది. పైపై ఎండ చూసి వేగం పెంచకండి, ఎండలోంచి నీడలోకి పోయే చోటే జారుతుంది.

పంట నూర్పుళ్ల కాలం అది. చోళ్లు, సామలు రోడ్డు మీద పరుస్తారు, బళ్లు తొక్కితే గింజ రాలుతుందని. ఆ గడ్డి మీద బ్రేకు వేస్తే బండి నిలవదు. ఇంకో చిక్కు, గడ్డి చైన్‌లోకి, వెనక హబ్‌కి చుట్టుకుని సైలెన్సర్ వేడికి అంటుకుంటుంది. దాటాక ఓసారి ఆగి కింద చూడండి. పక్కనుంచి పోయే చోటుంటే గింజ తొక్కకుండా పోవడం మర్యాద.

సంత రోజుల్లో రోడ్డంతా జనం, టాపు మీద కూడా మనుషులున్న సర్వీసు జీపులు. జీపు వెనకే తరుముకు పోకండి. చెయ్యెత్తిన ప్రతిచోటా సిగ్నల్ లేకుండా ఆగుతుంది.

తుఫాను వచ్చి వెళ్తే నాలుగైదు రోజులు ఆగండి. కొండ నానిపోయి వాన తగ్గాక కూడా రాళ్లు దిగుతుంటాయి. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్‌కి ఇక్కడి చెట్లు ఎలా పడ్డాయో ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు.

మంచుతెర

చలి: 10 డిగ్రీల్లో 50 వేగంతో పోతుంటే ఒంటికి తగిలేది 5 డిగ్రీల చలి. స్వెటర్ల మీద స్వెటర్లు వేసినా గాలి ఆపవు. అన్నిటికన్నా పైన రెయిన్ జాకెట్ వేస్తే అదే గాలి ఆపుతుంది. ఛాతీ మీద లోపల న్యూస్‌పేపరు మడత పెట్టినా పనిచేస్తుంది. చేతులకి ఉన్ని గ్లౌజు మాత్రమే అయితే వేళ్లు మొద్దుబారి బ్రేకు ఎంత నొక్కుతున్నారో తెలీదు. తోలు గ్లౌజు లోపల సన్న నూలుది వేసుకోండి.

వైజర్ మంచు పడితే చేత్తో తుడవకండి, ఒక నొక్కు పైకెత్తి ఉంచండి. ముందురోజు రాత్రి లోపలి వైపు గిన్నెల సబ్బు చుక్క రాసి పొడిగుడ్డతో మెరిసేదాకా తుడిస్తే ఊపిరి ఆవిరి పట్టదు. మధ్యాహ్నానికి పాడేరులో ఎండ ఉంటుంది, విప్పిన బట్టలకి బ్యాగులో ఖాళీ ఉంచుకోండి.

చెక్‌పోస్ట్_దాటి

ఇక్కడ తెలిసినవాళ్లు ఎక్కువగా చెప్పని సంగతి ఒకటి. ఈ దార్లలో గంజాయి తనిఖీలు మామూలు. నర్సీపట్నం వైపు, చోడవరం వైపు దిగేటప్పుడు బ్యాగు విప్పమంటారు. ఒంటరి బైకు, పెద్ద బ్యాగు అయితే తప్పకుండా ఆపుతారు. చిరాకు పడకుండా విప్పి చూపించండి, ఐదు నిమిషాల పని. ఎవరో "కింద మావాడికి ఇచ్చెయ్యండి" అని పార్శిలు ఇస్తే, తేనె సీసా అన్నా సరే, తీసుకోవద్దు. సంచితో ఉన్న కొత్త మనిషికి లిఫ్టు కూడా వద్దు. ఏజెన్సీలో బండి ఎక్కించుకోవడం మామూలు మర్యాదే, కాదనను. కానీ సంచిలో ఏముందో మీకు తెలీదు, పట్టుబడితే బండి మీది.

కాగితాలు: డిజీలాకర్ చెల్లుతుంది, కానీ సిగ్నల్ లేని చోట యాప్ తెరుచుకోకపోతే ఏం చూపిస్తారు? లైసెన్సు, ఆర్‌సీ అసలు కార్డులు జేబులో ఉంచండి. ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు ప్రింటు. స్క్రీన్‌షాట్ ఒప్పుకోరు.

చోడవరం_చైన్‌లాక్

ఒంటరి ప్రయాణానికి ఇంకొకటి. ఇంట్లో ఒకరికి దారి రాసిచ్చి నాలుగు ఊళ్ల నుంచి మెసేజ్ పెడతానని చెప్పండి: నర్సీపట్నం, చింతపల్లి, పాడేరు, చోడవరం. ఊళ్ల మధ్య సిగ్నల్ ఉండదని వాళ్లకి ముందే తెలియాలి, లేకపోతే అరగంటకే కంగారు పడతారు. అనుకున్న టైముకి రెండు గంటలు దాటితేనే కదలాలి. అప్పుడు ఏ రెండు ఊళ్ల మధ్య ఉన్నారో తెలుసు కాబట్టి వెతకడం తేలిక.

ఫోన్లో మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సిగ్నల్ లేని చోట ఫోను టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తినేస్తుంది, ఊళ్ల మధ్య ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ అయినా పనిచేస్తుంది. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా 112కి చేసి చూడండి, వేరే కంపెనీ టవర్ దొరికితే దాని మీద పోతుంది. ఇంటి నంబరు, రక్తం గ్రూపు కాగితం మీద రాసి జాకెట్ జేబులో.

బండి పడితే లేపే పద్ధతి ఇంటి దగ్గరే చేసి చూడండి. ఇంజన్ ఆపి, కుడివైపు పడితే ముందు సైడ్ స్టాండు బయటికి లాగి ఉంచి, గేరులో వేసి, హ్యాండిల్ పూర్తిగా తిప్పి, బండికి వీపు ఆనించి కాళ్లతో వెనక్కి నెట్టాలి. నడుముతో లాగితే నడుమే పోతుంది. కార్బురేటర్ బండి అయితే లేపాక ఐదు నిమిషాలు ఆగి స్టార్టు చెయ్యండి.

సాగరతీరం_150

సీలేరు తీసేశాను. ఘాట్_దిగువ గారి టైములే, 12, 3:30 గడువులు ట్యాంకు మీద అతికించుకుంటా. ఒక్క సందేహం, పొద్దున మంచులో, తడిలో పోయాక చైన్‌కి లూబ్ ఎప్పుడు కొట్టాలి? దారిలోనా, ఇంటికొచ్చాకా?

మెకానిక్_మాట

ముందురోజు రాత్రి కొట్టండి, పొద్దున కాదు. రాత్రంతా ఉంటే పిన్నుల్లోకి దిగుతుంది. బయల్దేరే ముందు కొడితే చిమ్మి టైరు మీద పడుతుంది, తర్వాత దుమ్ము పట్టి చైన్‌కి ముద్ద కడుతుంది. దారిలో అక్కర్లేదు, 300 కిలోమీటర్లే. పాడేరులో చైన్ లూజు మాత్రం ఓసారి చూడండి. కింద చైన్ మధ్యలో వేలితో పైకి నెడితే 25 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. ఒకేచోట చూసి వదలకుండా చక్రం తిప్పుతూ నాలుగు చోట్ల చూసి, అన్నిటికన్నా బిగువున్న చోటుకి ఆ కొలత ఉండేలా పెట్టండి. బిగించాక వెనక యాక్సిల్ నట్ మళ్లీ చూసుకోండి. వెనకది డ్రమ్ము కాబట్టి చక్రం వెనక్కి జరిగితే బ్రేకు పెడల్ ఆట కూడా మారుతుంది, రాడ్ చివరి నట్‌తో సరిచేశాకే ఘాట్ దిగండి.